తుంటికీలు మార్పిడికి ముందు వ్యాయామము
శస్త్రచికిత్సకై నిరీక్షించు రోగులకును, వారి కుటుంబములకును సూచనలు

తుంటికీలు అరిగిపోయినదనియు, దానిని తొలగించి కృత్రిమకీలును అమర్చవలెననియు వైద్యుడు చెప్పిన దినమున రోగి మనస్సులో రెండు ప్రశ్నలు పుట్టును. శస్త్రచికిత్స ఎప్పుడు జరుగును? అంతవరకు నేనేమి చేయవలెను? మొదటి ప్రశ్నకు ఆసుపత్రివారు ఒక తేదీ చెప్పుదురు. రెండవ ప్రశ్నకు పలువురకు సరియైన సమాధానము లభించుట లేదు. కాలు కదపక పడుకొనుమని ఒకరు, నడిచిన కొలది కీలు మరింత అరుగునని వేరొకరు చెప్పుదురు. రోగికిని నొప్పిగా నున్నందున ఆ మాటలు సమంజసముగనే తోచును.

కాని నిరీక్షణకాలము ఊరక గడచిపోవు కాలము కాదు. కొన్ని వారములు మొదలుకొని కొన్ని నెలల వరకు సాగు ఈ వ్యవధిలో కండరములు బలపడుటయో, క్షీణించుటయో జరుగును. శస్త్రవైద్యుడు కీలును మార్చగలడు, కండరములను మార్చలేడు. క్రొత్త కీలుపై రోగిని నిలువబెట్టి నడిపింపవలసినవి పాత కండరములే. ఈ పుస్తికలో ఆ కండరములను కాపాడుకొను విధానము చెప్పబడినది.

తుంటికీలు నిర్మాణము

తొడ యెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండును. కటియెముకలో గిన్నెవంటి గుంట ఒకటి కలదు. ఈ బంతి ఆ గిన్నెలో ఇమిడి అన్ని దిక్కులకు తిరుగుచుండును. బంతికిని, గిన్నెకును మీద నున్నని మృదులాస్థి పొర కప్పబడియుండును. ఈ పొర అరిగి పోయినప్పుడు ఎముక ఎముకను రాచుకొనును. నొప్పి పుట్టును, కీలు బిగిసికొనును, నడకలో కుంటు ఏర్పడును.

తుంటికీలు నొప్పి సాధారణముగా గజ్జలో కనిపించును. అది తొడ ముందుభాగమునకు ప్రాకి, ఒక్కొక్కప్పుడు మోకాలిలో మాత్రమే తెలియవచ్చును. అందువలన కొందరు చాలకాలము మోకాలికి మందు వాడి, చివరకు వ్యాధి తుంటిలో నున్నదని తెలిసికొనుచుందురు. కాలి జోళ్ళు తొడుగుకొనుట, కాలిగోళ్ళు తీసికొనుట, నేలపై బాసిపట్టు వేసికొని కూర్చుండుట కష్టమగుచున్నచో తుంటికీలును పరీక్ష చేయించుకొనవలెను.

ఐరోపా, అమెరికా దేశములలో ఈ శస్త్రచికిత్సకు ముఖ్యకారణము వార్ధక్యముతో వచ్చు కీలు అరుగుదల. మన దేశములో తొడయెముక తలకు రక్తప్రసారము తగ్గి, ఆ భాగము నిర్జీవమై కుంగిపోవుట కూడ ఒక ప్రధానకారణము. ఇది యౌవనములో నున్నవారికిని వచ్చును. తొడయెముక మెడభాగము విరుగుట, స్టిరాయిడు మందులు అధికముగా వాడుట, మితిమీరిన మద్యపానము, సికిల్‌సెల్ వ్యాధి దీనికి దారితీయును. వెన్నెముకను బిగియజేయు వాతవ్యాధి, శైశవమునుండి వచ్చిన కీలుదోషములు కూడ కొందరి విషయమున కారణములగుచున్నవి. ఏ కారణముచేత తన కీలు చెడినదో రోగి వైద్యుని అడిగి తెలిసికొనవలెను. రక్తప్రసారలోపముచే ఎముక కుంగుచున్నవారు ఆ కాలిపై ఎంత బరువు మోపవచ్చునో శస్త్రవైద్యుని అడిగిన తర్వాతనే నిలువబడి చేయు వ్యాయామములు ప్రారంభింపవలెను.

కదలినచో కీలు మరింత అరుగునా?

ఈ భయము సహజమే. అయినను మితమైన వ్యాయామమువలన అట్టి హాని కలుగదు. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. కీలులోని ద్రవమే దానికి ఆహారమును అందించును. కీలుపై బరువు పడినప్పుడు ఆ ద్రవము పొరలోనుండి పిండబడును. బరువు తొలగినప్పుడు మరల లోనికి పీల్చబడును. తడిగుడ్డను పిండి, తిరిగి నీటిలో ముంచినట్లు ఈ క్రియ జరుగుచుండును. కదలిక లేని కీలునకు ఈ పోషణ తగ్గును. దాని చుట్టునున్న తిత్తియు, స్నాయువులును కుంచించుకొనిపోవును.

కండరములకు కలుగు నష్టము ఇంకను శీఘ్రమైనది. మంచము పట్టిన వృద్ధుల తొడ కండరములు కొలదిదినములలోనే సన్నగిల్లుట వైద్యు లందరును ఎరిగినదే. నొప్పి వలన రోగి కదలడు. కదలకపోవుటవలన కండరము క్షీణించును. కండరము క్షీణించుటచే కీలుపై భారము సరిగా పంచుకొనబడక నొప్పి హెచ్చును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట తెంచవలెను. తెంచుటకు వీలైన చోటు వ్యాయామమే.

అయితే వ్యాయామమునుండి ఎంత ఆశింపవచ్చునో కూడ స్పష్టముగా చెప్పవలసియున్నది. అరిగిన మృదులాస్థి వ్యాయామముచే తిరిగి మొలవదు. కుంగిన ఎముక పైకి లేవదు. శస్త్రచికిత్సకు ముందు వ్యాయామము చేసినవారికి నొప్పి కొంత తగ్గుటయు, శస్త్రచికిత్స జరిగిన తొలివారములలో లేచి నడచుట సులభమగుటయు గమనింపబడినది. కాలము గడచినకొలది, చేసినవారికిని చేయనివారికిని గల భేదము తగ్గుచుండును. కాని ఆ తొలివారములే అత్యంత కష్టమైనవి. స్నానపుగదికి ఒంటరిగా వెళ్లగలుగుట, మంచముపై తనంత తాను లేచి కూర్చుండగలుగుట రోగికి చిన్న విషయములు కావు.

తుంటికీలుపై పడు బరువు

రెండు కాళ్ళపై సమముగా నిలిచినప్పుడు శరీరపు బరువు రెండు తుంటికీళ్లకును పంచబడును. నడకలో ప్రతి అడుగునందు కొంతసేపు ఒంటికాలిపైననే నిలువవలసియుండును. అప్పుడు కటిభాగము రెండవప్రక్కకు వ్రాలిపోకుండ పిరుదు ప్రక్కనున్న కండరము గట్టిగా లాగి పట్టుకొనును.

బావివద్ద ఏతపు మానును తలచుకొనుడు. మాను ఒకవైపున పొడవుగను, రెండవవైపున పొట్టిగను ఉన్నచో, పొట్టివైపున నిలిచినవాడు చాల బలము ఉపయోగించినగాని పొడవువైపు బరువు ఆగదు. తుంటిలోను ఇట్లే జరుగుచున్నది. శరీరపు బరువు పొడవువైపున, కండరము పొట్టివైపున ఉన్నవి. ఆ రెండింటి భారమును ఏతపు ఇరుసువలె కీలు భరింపవలెను. అందుచేత ఒంటికాలిపై నిలిచినప్పుడు కీలుపై పడు బరువు శరీరపు బరువునకు సుమారు రెండున్నర మొదలు మూడు రెట్ల వరకు ఉండును. 60 కిలోల మనిషి తుంటిపై 150 మొదలు 180 కిలోల వరకు పడునన్నమాట.

దీనినుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: పిరుదు ప్రక్క కండరము బలహీనమైనచో కటిభాగము వ్రాలి, మనిషి ఊగుచు నడచును. రెండవది: శరీరములో ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగునందు కీలుపై రెండు మూడు కిలోల బరువు తగ్గును. మూడవది చేతికర్రకు సంబంధించినది.

చేతికర్ర ఏ చేతిలో పట్టుకొనవలెను?

నొప్పియున్న ప్రక్క చేతిలోనే కర్రను పట్టుకొనుట చాలమంది అలవాటు. ఇది పొరపాటు. కుడి తుంటి నొప్పిగానున్నచో కర్ర ఎడమచేతిలో ఉండవలెను. అప్పుడు కర్ర కీలునకు దూరముగా, ఏతపు పొడవువైపున ఊతమిచ్చును. చేతితో కొలదిగా అదిమినను పిరుదు కండరము శ్రమ చాలవరకు తగ్గి, కీలుపై భారము తేలికపడును. అమెరికా దేశపు శస్త్రవైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో ఈ విషయమును వివరించి, చేతికర్రను పారవేయవద్దని ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసియున్నాడు. ఆ మాట నేటికిని చెల్లుచున్నది.

రోగి చెప్పులు తొడిగికొని నిటారుగా నిలిచి చేతిని వ్రేలాడవిడిచినప్పుడు మణికట్టు మడత ఎంత ఎత్తున నుండునో కర్ర పిడి అంత ఎత్తున ఉండవలెను. కర్ర క్రింది కొనకు రబ్బరు తొడుగు వేయవలెను. అది అరిగినప్పుడు మార్చవలెను. నడచునప్పుడు కర్రయు, నొప్పికాలును కలిసి ముందునకు సాగవలెను. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు. దిగునప్పుడు కర్రయు, నొప్పికాలును ముందు. కర్ర పట్టుట ముసలితనమునకు గుర్తని సిగ్గుపడి, కుంటుచు నడచుటవలన నడుమునకును, రెండవ కాలికిని కూడ నొప్పి సంక్రమించును.

ప్రారంభించుటకు ముందు

వైద్యునికి చెప్పి, వీలైనచో ఫిజియోథెరపిస్టుచే ఒకసారి చేయించి చూచుకొని ప్రారంభింపవలెను. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపుపోటు, ఇటీవల ఎముక విరుగుట వంటివి ఉన్నచో ముందుగా తెలుపవలెను.

వ్యాయామమునకు గట్టి మంచము, లేక బల్ల తగినది. కుంగిపోవు నులకమంచము పనికిరాదు. నేలనుండి లేవలేనివారు నేలపై పడుకొనరాదు. ఉదయమున కీలు బిగిసియున్నచో వేడినీటి స్నానము తర్వాత చేయుట సుఖము. కాళ్ళకు తగులుకొను పొడవు వస్త్రములు కట్టుకొనరాదు. ఊపిరి బిగబట్టరాదు, లెక్కను పైకి చెప్పుచు చేసినచో ఊపిరి తనంతట సాగును.

నొప్పిని కొలుచు విధము

నొప్పి బొత్తిగా లేనిచో 0 అనియు, భరింపరాని నొప్పికి 10 అనియు అనుకొనుడు. వ్యాయామము చేయునప్పుడు 2 వరకు ఉన్న నొప్పి నిరపాయము. 3 మొదలు 5 వరకు ఉన్నను సాగింపవచ్చును. 5ను మించినచో ఆ వ్యాయామమును తగ్గింపవలెను. మరునాటి ఉదయమునకు నొప్పి మామూలు స్థితికి రావలెను. రానిచో ముందునాడు చేసినది ఎక్కువైనదని అర్థము. మరుసటిసారి దానిలో సగము చేయుడు. పూర్తిగా మానవద్దు. కండరములలో కలుగు అలసటయు, సలుపును వేరు. కీలులో పొడుచునట్టి నొప్పి వేరు. కొలదిదినములలో రోగికి ఈ భేదము తెలిసివచ్చును.

పడుకొని చేయు వ్యాయామములు

ఈ క్రిందివానిని దినమునకు రెండుసార్లు, ఒక్కొక్కటి 10 పర్యాయములు చేయవలెను. మొదట 5 పర్యాయములే సాధ్యమైనచో అంతటితో ప్రారంభింపవచ్చును. రెండు కాళ్ళకును చేయవలెను. శస్త్రచికిత్స తర్వాత రెండవకాలు మీదనే భారమంతయు పడును.

1. పాదముల కదలిక. వెల్లకిల పడుకొని పాదములను పైకి, క్రిందికి నెమ్మదిగా వంచవలెను. దీనిని 20 పర్యాయములు చేయవచ్చును. పిక్కలలో రక్తప్రసారమునకు ఇది మేలు. శస్త్రచికిత్స జరిగిన దినముననే దీనిని మరల చేయవలసివచ్చును గనుక ఇప్పుడే అలవాటు చేసికొనుట మంచిది.

2. తొడ బిగింపు. కాలు చాపి, మోకాలి వెనుకభాగమును మంచమునకు అదుముచు తొడకండరమును బిగింపవలెను. 5 లెక్కించునంతవరకు పట్టి విడువవలెను.

3. పిరుదుల బిగింపు. రెండు పిరుదులను దగ్గరకు బిగించి, 5 లెక్కించి విడువవలెను. ఇది కూర్చుండియైనను చేయవచ్చును.

4. మడమ జార్చుట. మడమను మంచముపై రాయుచు మోకాలు వంచి, శరీరమువైపునకు తెచ్చి, తిరిగి చాపవలెను. మడమ క్రింద నున్నని గుడ్డ వేసినచో సులభముగా జారును. సులువుగా వచ్చినంతవరకే వంచవలెను. చేతులతో లాగరాదు.

5. కాలు ప్రక్కకు జరుపుట. కాలివ్రేళ్ళు పైకప్పును చూచుచుండగా, కాలును ప్రక్కకు జరిపి తిరిగి మధ్యకు తేవలెను. పైన చెప్పబడిన పిరుదు ప్రక్క కండరమునకు ఇది ముఖ్యమైన వ్యాయామము.

6. నడుము లేపుట. మోకాళ్ళు వంచి, పాదములను మంచముపై మోపి, పిరుదులను కొలదిగా పైకి లేపవలెను. 3 మొదలు 5 వరకు లెక్కించి దించవలెను. మంచముపై మలపాత్ర ఉంచుటకు శస్త్రచికిత్స తర్వాత ఈ కదలికయే అక్కరకు వచ్చును.

7. బోర్లపడుకొనుట. తుంటినొప్పి ఉన్నవారు ఎక్కువసేపు కూర్చుండుటచేత తొడ ముందుభాగపు కండరములు కురుచగును. అప్పుడు నిలిచినను కాలు పూర్తిగా చాచుకొనదు. నడుము ముందునకు వంగిపోవును. దినమునకు రెండుసార్లు బోర్లపడుకొని, 5 నిమిషములతో ప్రారంభించి 15 నిమిషముల వరకు ఉండవలెను. అట్లు పడుకొనలేనివారు వెల్లకిల పడుకొని, కాళ్ళ క్రింద దిండు లేకుండ చాపియుంచవలెను. నొప్పి కాలి మోకాలి క్రింద ఎల్లప్పుడు దిండు ఉంచుట సుఖముగా తోచినను, కీలు వంపు స్థిరపడుటకు అది కారణమగును.

నిలువబడి చేయు వ్యాయామములు

పై వ్యాయామములు రెండు వారములు చక్కగా జరిగిన పిదప వీనిని చేర్చవలెను. కదలని బల్లనో, వంటగట్టునో, కిటికీ ఊచలనో పట్టుకొనవలెను. చక్రములున్న కుర్చీని పట్టుకొనరాదు.

8. కాలు ప్రక్కకు లేపుట. నిటారుగా నిలిచి, శరీరమును వంచక కాలును ప్రక్కకు ఒక జానెడు లేపి దించవలెను. మంచికాలు లేపునప్పుడు బరువంతయు నొప్పికాలిపై పడును. అందువలన ఆ ప్రక్కకు మొదట మూడు నాలుగు పర్యాయములే చేసి, చేతులపై బాగుగా ఆనుకొనవలెను.

9. కాలు వెనుకకు చాచుట. నడుము ముందునకు వంచక, మోకాలు చాపి కాలును కొలదిగా వెనుకకు తీయవలెను.

10. కుర్చీనుండి లేచుట. చేతులున్న, ఎత్తయిన కుర్చీలో అంచునకు జరిగి కూర్చుండి, రెండు కాళ్ళపై సమముగా బరువు మోపి లేచి నిలిచి, నెమ్మదిగా కూర్చుండవలెను. మొదట చేతుల సాయముతోను, తర్వాత సాయము తగ్గించుచును చేయవలెను. ఒక్క వ్యాయామమునకే సమయమున్నచో ఈ ఒక్కటి చేయుడు. దినములో పదిసార్లు మనిషికి కావలసిన పని ఇదియే.

11. చేతుల బలము. కుర్చీచేతులపై అరచేతులు మోపి, మోచేతులు చాపుచు శరీరమును కొలదిగా పైకి లేపవలెను. శస్త్రచికిత్స తర్వాత వాకరు పట్టి నడచుటకు భుజములలో బలము కావలెను.

నాలుగైదు వారముల పిదప పర్యాయములను 15 వరకు పెంచవచ్చును. ఒకేసారి అన్నింటిని పెంచరాదు. ఒక వారములో ఒకటి రెండింటిని మాత్రమే పెంచినచో, నొప్పి హెచ్చినప్పుడు ఏది కారణమో తెలియును.

నడక, సైకిలు, నీరు

అరగంట ఒకేసారి నడచుటకంటె పది నిమిషముల చొప్పున మూడుసార్లు నడచుట మేలు. చదునైన బాటపై, మెత్తని అడుగుగల చెప్పులతో, కర్ర సాయముతో నడువవలెను. నిలకడ సైకిలు లభించినచో, సీటు ఎత్తుగా నుంచి, బిగువు తక్కువగా నుంచి త్రొక్కవలెను. సీటు ఎత్తైనచో తుంటి ఎక్కువగా వంగదు. పట్టణములలో శుభ్రమైన ఈతకొలను అందుబాటులో నున్నవారు నడుములోతు నీటిలో నడువవచ్చును. నీరు శరీరపు బరువును చాలవరకు మోయును. పాచిపట్టిన మెట్లుగల చెరువులలోనికిని, కోనేరులలోనికిని ఈ పనికై దిగరాదు. జారిపడి తొడయెముక విరుగుట శస్త్రచికిత్సకై వేచియున్నవారికి సంభవింపగల మిక్కిలి కీడు.

ఇంటిలో చేయవలసిన మార్పులు

మన ఇండ్లలో నిత్యకృత్యములు పెక్కు నేలపై జరుగును. భోజనము, పూజ, నమాజు, కూరలు తరుగుట, బట్టలుతుకుట, మలవిసర్జనము అన్నియు తుంటిని పూర్తిగా వంచు పనులే. అరిగిన కీలునకు ఈ వంపే అధికబాధాకరము. శస్త్రచికిత్స తర్వాతను కొంతకాలము లోతుగా వంగవద్దనియు, కాలుపై కాలు వేసికొనవద్దనియు అనేక వైద్యులు నిషేధింతురు. కావున ఈ మార్పులను ఇప్పుడే చేసికొన్నచో ఉభయతారకము.

కూర్చున్నప్పుడు తుంటి మోకాలికంటె కొంచెము ఎత్తుగా ఉండునట్టి కుర్చీని ఎన్నుకొనవలెను. కమోడు లేనిచో, మధ్య రంధ్రముగల కుర్చీని మరుగుదొడ్డిపై అమర్చుకొనవచ్చును. స్నానము ఎత్తయిన, కదలని పీఠముపై కూర్చుండి చేయవలెను. గోడకు పట్టుకొను కమ్మి బిగింపవలెను. దారిలోని చాపలు, విద్యుత్తు తీగలు తొలగింపవలెను. గడప కనబడునట్లు రాత్రి చిన్నదీపము వెలిగించియుంచవలెను. నిత్యము వాడు పాత్రలను నడుమెత్తు అరలలో పెట్టుకొనవలెను. ఈ మార్పులలో పెక్కింటికి వ్యయము అల్పము.

కుటుంబసభ్యులకు ఒక మాట

అత్తగారికి తుంటినొప్పియని కోడలు ఆమెను మంచముపైననే కూర్చుండబెట్టి, మంచినీళ్ళు మొదలుకొని సమస్తమును అందించుచున్నదనుకొందము. ఆమె భక్తి కొనియాడదగినదే. కాని ఆరు నెలలు ఇట్లు గడచినచో, శస్త్రచికిత్స మరునాడు ఆ అత్తగారిని లేచి నిలువుమన్నప్పుడు ఆమె తొడలలో బలముండదు. లేవలేకపోవుట తన వయస్సువలన అని ఆమెయు, శస్త్రచికిత్స లోపమువలన అని ఇంటివారును తలంచుదురు. నిజమునకు ఆ బలము నిరీక్షణకాలములో కొంచెము కొంచెముగా పోయినది. నీళ్ళచెంబు అందించుటకు మారుగా, ఆమె లేచి వచ్చి త్రాగుటకు ప్రక్కన నిలిచి తోడుపడుట నిజమైన సేవ.

రోగి విసుగుకొనవచ్చును. "ఎట్లును కోసి మార్చు కీలే గదా, ఇప్పుడీ శ్రమ ఎందులకు?" అని అడుగవచ్చును. మార్చబడునది కీలు మాత్రమేయని ఓపికతో చెప్పవలెను. వ్యాయామములను ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించి, చేసిన దినమున గుర్తు పెట్టుట పలువురకు ఉత్సాహము కలిగించును. మనుమలకు ఆ లెక్క అప్పగించినచో ఇంకను మంచిది.

మందులు, ఇతర జాగ్రత్తలు

నొప్పిమందును వైద్యుని సలహాపై మాత్రమే వాడవలెను. వాపు తగ్గించు నొప్పిమాత్రలు దీర్ఘకాలము వాడినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును. ఒక్కరోజులో నొప్పిని మాయము చేయు పేరులేని పొడులను, సూదిమందులను దరిచేరనీయరాదు. అట్టివానిలో స్టిరాయిడులు కలియుట కలదు. తొడయెముక తలను నిర్జీవము చేయు కారణములలో స్టిరాయిడులు ఒకటియని పైన చెప్పియున్నాము. నొప్పికై వెళ్ళి రెండవ తుంటిని పోగొట్టుకొనుట శోచనీయము. కీలులోనికి ఇదివరకే సూదిమందు ఇచ్చియున్నచో ఆ తేదీని శస్త్రవైద్యునికి తప్పక చెప్పవలెను. శస్త్రచికిత్సకు ముందు మూడు నెలలలోపల అట్టి సూదిమందు ఇచ్చినచో చీము పట్టు ప్రమాదము హెచ్చును. కాలును బలవంతముగా లాగి, మెలిపెట్టి మర్దనము చేయించుకొనరాదు.

బీడీ, సిగరెట్టు, చుట్ట త్రాగువారు కనీసము నాలుగు వారములు ముందుగా మానవలెను. పొగ త్రాగువారి గాయము ఆలస్యముగా మానును. మధుమేహమును అదుపులోనికి తెచ్చుకొనవలెను. రక్తహీనత ఉన్నచో ఇప్పుడే చికిత్స పొందవలెను. పుచ్చిన పళ్ళు, పాదముల పగుళ్ళు, చర్మముపై కురుపులు కృత్రిమకీలునకు చీము చేర్చు ద్వారములు కాగలవు. పప్పు, గ్రుడ్లు, పాలు, పెరుగు, చేపలు మున్నగు మాంసకృత్తులుగల ఆహారము కండరములకు అవసరము.

ఈ క్రింది లక్షణములు కనిపించినచో వ్యాయామము నిలిపి వెంటనే వైద్యుని చూడవలెను: హఠాత్తుగా కాలుపై బొత్తిగా బరువు మోపలేకపోవుట; జ్వరముతో కూడిన తుంటినొప్పి; ఒక పిక్క వాచి నొప్పిగా నుండుట; ఛాతీనొప్పి, ఆయాసము; కాలు తిమ్మిరి పట్టి పట్టు తప్పుట; మలమూత్రములపై అదుపు పోవుట.

శస్త్రచికిత్సను గూర్చి

నేటి తుంటికీలు మార్పిడికి మూలపురుషుడు ఆంగ్ల శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ. ఆయన మొదట వాడిన టెఫ్లాను గిన్నె త్వరగా అరిగిపోయి రోగులకు బాధ కలిగించినది. ఆ వైఫల్యమును కప్పిపుచ్చక పరిశోధన సాగించి, 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో గట్టి పాలిథీన్ గిన్నెను, చిన్న లోహపుబంతిని అమర్చెను. అదియే నేటి పద్ధతికి పునాది. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారము కృత్రిమ తుంటికీళ్లలో నూటికి సుమారు 58 వంతులు 25 సంవత్సరములు నిలుచుచున్నవి. ఇంత మేలైన చికిత్సకై భయపడి వాయిదా వేయుట తగదు. వ్యాయామముచే నొప్పి బాగుగా తగ్గినచో శస్త్రచికిత్స ఆవశ్యకతను, సమయమును గూర్చి వైద్యునితోనే ఆలోచింపవలెను. తనంత తాను మానివేయరాదు.

వ్యయమును గూర్చి చింతించువారికి 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన క్రింద అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. 2024 అక్టోబరునుండి 70 సంవత్సరములు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ సౌకర్యము విస్తరింపబడినది. తమ వ్యాధికి ఏ ఆసుపత్రిలో ఈ చికిత్స లభించునో పథకములో చేరిన ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

కర్ర మంచికాలి ప్రక్క చేతిలో ఉండవలెను.
నొప్పి 5ను దాటరాదు, మరునాటికి తగ్గవలెను.
దినమునకు రెండుసార్లు, కొంచెముగానైనను, తప్పక చేయవలెను.
మోకాలి క్రింద దిండు వద్దు.
నేలపై కూర్చుండుట మాని కుర్చీ వాడవలెను.
పేరు తెలియని పొడులు, సూదిమందులు వద్దు.
పడిపోకుండ ఇల్లు సర్దుకొనవలెను.

ఒకనాడు నొప్పివలన వ్యాయామము తప్పినచో నిరుత్సాహపడవలదు. మరునాడు పాదముల కదలికతోనైనను తిరిగి ప్రారంభింపుడు. శస్త్రచికిత్స దినము వైద్యుని చేతిలో నున్నది. అంతవరకు గల ప్రతిదినము రోగి చేతిలోనే యున్నది.